కత్తికి ముందే కదిలే కణాలు

“ముక్క తీస్తే పాకుతుంది, కత్తి తగిలితే ఒళ్ళంతా అల్లుకుంటుంది” అనే మాట మన ఇళ్ళలో చాలాకాలంగా ఉన్నది. రొమ్ములో గడ్డ చేతికి తగిలిన స్త్రీ మొదట కొన్ని వారాలు దానిని తనలోనే దాచుకుంటుంది. చివరకు తల్లికో ఆపాకో చెబితే, విన్న ఖాలమ్మలూ ఫూఫీలూ ముందుగా గుర్తుచేసేది ఈ మాటనే. ఆ తరువాత పసరు కట్లతో, పొట్లాల మందులతో మరికొన్ని నెలలు గడిచిపోతాయి. ఈ శీర్షిక చదివే సోదరీమణులు మమ్మల్ని తరచుగా అడిగే ప్రశ్న కూడా దీనికి సంబంధించినదే. ఆపరేషన్ అయిన రెండు మూడేళ్ళకు వెన్నెముకలోనో కాలేయంలోనో జబ్బు మళ్ళీ కనబడితే, అది కత్తి పెట్టినందువల్ల వచ్చినది కాదా అని అడుగుతారు.

ఈ ప్రశ్నను మూఢనమ్మకమని తోసివేయడం మాకు ఇష్టం లేదు. ఆపరేషన్ ముందు జరిగింది, పాకడం తరువాత కనబడింది. కళ్ళతో చూసినవారు ఆ రెంటినీ ముడివేయడంలో వింత ఏమీ లేదు. అయితే కంటికి కనబడే వరుస వేరు, కణాలలో జరిగే వరుస వేరు. రొమ్ములోని ఒక కణం తన చోటు విడిచి ఎముక దాకా, మెదడు దాకా ఎట్లా వెళ్ళగలుగుతున్నదో శాస్త్రజ్ఞులు చాలావరకు తెలుసుకున్నారు. ఈ నెల ఆ దారిని మొదటి నుంచి చూద్దాము. కొంచెం ఓపికతో చదవవలసిన విషయమే, కాని మందుల చీటీలో కనబడే పేర్లన్నీ ఈ దారిలోనే ఎదురవుతాయి.

ముందుగా ఒక మాట. రొమ్ములోని గడ్డ రొమ్ములోనే ఉన్నంతకాలం సాధారణంగా ప్రాణం తీయదు. మనిషి బ్రతకడానికి రొమ్ము గుండెవలె, కాలేయంవలె తప్పనిసరి అయిన అవయవం కాదు. ప్రాణాపాయం కలిగేది ఆ కణాలు ఎముకలకు, ఊపిరితిత్తులకు, కాలేయానికి, మెదడుకు చేరి అక్కడి పనిని చెడగొట్టినప్పుడే. అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధనా సంస్థ అంచనా ప్రకారం 2022లో మన దేశంలో సుమారు 1,92,000 మంది స్త్రీలకు కొత్తగా రొమ్ము క్యాన్సర్ బయటపడింది. ఆ ఒక్క ఏడాదిలోనే సుమారు 98,000 మంది ఆ జబ్బుతో మరణించారు. ఈ రెండు సంఖ్యల మధ్య దూరం ఇంత తక్కువగా ఉండడానికి ముఖ్య కారణం, మన స్త్రీలలో చాలామంది జబ్బు రొమ్ము దాటిన తరువాతనే ఆసుపత్రికి చేరడం.

రొమ్ములో పాలు ఊరే తిత్తులకు, అవి ప్రవహించే నాళాలకు లోపలివైపు కణాల అస్తరు ఉంటుంది. క్యాన్సర్ చాలావరకు మొదలయ్యేది ఈ అస్తరులోనే. ఇక్కడి కణాలు ఒకదానినొకటి గట్టిగా పట్టుకొని ఉంటాయి. ఆ పట్టు ఈ-క్యాధరిన్ అనే ప్రోటీన్‌ది. జాకెట్టు రెండు అంచులను హుక్కులు కలిపినట్లు, ఒక కణం పైనున్న క్యాధరిన్ పక్క కణం పైనున్న క్యాధరిన్‌ను పట్టుకుంటుంది. ఆ పట్టు నిలవడానికి క్యాల్షియం కావాలి. కణాల వరుస కింద మరొక కట్టుబాటు ఉన్నది. నాలుగవ రకం కొలాజెన్, లామినిన్ అనే ప్రోటీన్లతో అల్లిన పలుచని పొర అది. క్యాన్సర్ కణాలు ఎంత పెరిగినా ఈ పొరను దాటనంతవరకు జబ్బు ఉన్నచోటనే ఉన్నట్లు. ఆ దశలో తీసివేస్తే దాదాపు అందరూ కోలుకుంటారు.

పొర దాటాలంటే కణం ముందుగా తన హుక్కులు విప్పుకోవాలి. ఇందుకు అది కొత్త ఉపాయమేదీ కనిపెట్టదు. మనిషి తల్లి కడుపులో పిండంగా ఉన్నప్పుడు, ఏ కణం ఎక్కడికి చేరి ఏ అవయవం కావాలో తేలే రోజులలో, కణాలు చోటు మారవలసి ఉంటుంది. అప్పుడు అవి ఈ-క్యాధరిన్‌ను తగ్గించుకొని, ఆకారం సాగదీసుకొని, పాకుతూ వెళతాయి. ఈ కదలికకు ఆజ్ఞలిచ్చే ప్రోటీన్లకు స్నెయిల్, ట్విస్ట్, జెబ్ అని పేర్లు పెట్టారు. బిడ్డ రూపుదిద్దుకున్న తరువాత చాలా కణాలలో ఈ ఆజ్ఞలు ఆగిపోతాయి. క్యాన్సర్ కణం ఆ పాత ఆజ్ఞలనే మళ్ళీ తెరుస్తుంది. 2004లో అమెరికాలో రాబర్ట్ వైన్‌బర్గ్ ప్రయోగశాలలో జింగ్ యాంగ్, ఆమె సహచరులు బాగా పాకే గుణమున్న రొమ్ము క్యాన్సర్ కణాలలో ట్విస్ట్‌ను అణచివేసి ఎలుకలలో పెట్టి చూశారు. రొమ్ములో గడ్డ మామూలుగానే పెరిగింది. ఊపిరితిత్తులకు పాకడం మాత్రం బాగా తగ్గింది. పెరగడం ఒక పని, పాకడం మరొక పని అని ఆ ప్రయోగం చూపినది.

పాల తిత్తుల వైపు పుట్టే లాబ్యులర్ అనే రకం క్యాన్సర్‌లో ఈ-క్యాధరిన్ సాధారణంగా మొదటినుంచే ఉండదు. ఆ కణాలు ముద్దగా కట్టక, చీమల బారువలె ఒకదాని వెనుక ఒకటి నడుస్తాయి. అందుచేతనే ఈ రకం చేతికి గట్టి గడ్డగా తగలకపోవచ్చు. రొమ్ములో ఒకవైపు కాస్త దళసరిగా అనిపించడం, చర్మం లోపలికి లాగినట్లు ఉండడం మాత్రమే కనబడవచ్చు. గడ్డ లేదు కనుక ఏమీ లేదని అనుకోవడం ఇక్కడ పొరపాటు.

హుక్కులు విప్పుకున్న కణం పొరను కోసే ఎంజైములను వెలువరిస్తుంది. పక్కనున్న మామూలు కణాల చేత, రోగనిరోధక కణాల చేత కూడా ఆ పని చేయించుకుంటుంది. పొర దాటినాక దానికి రెండు దారులు కనబడతాయి. ఒకటి రసనాళాల దారి. అది చంకలోని గ్రంథులకు పోతుంది. చంకలో బిళ్ళ కట్టినదని మనవారు చెప్పేది ఇక్కడే. రెండవది రక్తనాళాల దారి. గడ్డ తన పోషణ కోసం కొత్త రక్తనాళాలను రప్పించుకుంటుంది. ఇవి గబగబా పుట్టుకొచ్చినవి కావడంతో గోడలు సరిగా అతుకులు కుదరక, కారుతూ ఉంటాయి. కణం లోనికి దూరడానికి అదే సందు.

రక్తంలో పడగానే జబ్బు ఒళ్ళంతా అల్లుకుంటుందని అనుకోవద్దు. రక్తప్రవాహం ఆ కణానికి సుఖమైన చోటు కాదు. రక్తపు ఒరిపిడికి చాలా కణాలు పగిలిపోతాయి, రోగనిరోధక కణాలు కొన్నింటిని చంపుతాయి. 1970లో ఐజయా ఫిడ్లర్ క్యాన్సర్ కణాలకు రేడియోధార్మిక గుర్తు పెట్టి ఎలుకల రక్తంలోకి ఎక్కించి లెక్కించారు. ఆయన వాడినవి చర్మపు క్యాన్సర్ కణాలు. ఒక రోజు తిరిగేసరికి వెయ్యింటికి ఒకటి కూడా మిగలలేదు. మనిషి శరీరంలోనూ లక్షల కణాలు బయలుదేరి ఏ కొద్దో మిగులుతాయి. మిగిలేవాటికి అండ కూడా దొరుకుతుంది. గాయమైతే రక్తం గడ్డకట్టించే ప్లేట్‌లెట్లు వాటి చుట్టూ చేరి కవచంవలె కాపాడతాయి. కొన్ని కణాలు హుక్కులు పూర్తిగా విప్పుకోకుండా గుంపుగా బయలుదేరుతాయి. 2014లో నికోలా అసెటో, ఆయన సహచరులు ఎలుకలలో చూసినప్పుడు, ఒంటరి కణాలకంటే ఈ గుంపులకు కొత్తచోట నాటుకునే శక్తి 23 నుంచి 50 రెట్లు ఎక్కువని తేలింది. ఆయన బృందమే 2022లో మరొక వింత విషయం చెప్పింది. రొమ్ము క్యాన్సర్ ఉన్న స్త్రీల రక్తంలో ఈ కణాలు పగటికంటే రాత్రి నిద్రవేళలో ఎక్కువగా కనబడ్డాయి. ఇది చదివి ఎవరూ నిద్ర మానుకోవద్దు. కణాల విడుదల శరీరంలోని రాత్రింబవళ్ళ హార్మోన్లను అనుసరిస్తున్నదని మాత్రమే దీని అర్థం.

ఇన్ని అవయవాలుండగా రొమ్ము నుంచి వచ్చిన కణం ఎముకనే, కాలేయాన్నే ఎందుకు ఎంచుకుంటుంది? రక్తం ఎక్కడికి పోతే అక్కడికే పోతుందనుకుంటే, నిండుగా రక్తం అందే మూత్రపిండాలలో, ప్లీహంలో కూడా అంతే ఎక్కువగా కనబడాలి. కాని కనబడదు. 1889లోనే లండన్‌లో స్టీఫెన్ పేజెట్ అనే శస్త్రవైద్యుడు రొమ్ము క్యాన్సర్‌తో మరణించిన 735 మంది స్త్రీల శవపరీక్ష నివేదికలను కూర్చుకొని ఈ తేడాను గమనించారు. మొక్క గింజ పట్టినప్పుడు విత్తనాలు నలుదిక్కులకూ పోతాయి, అనుకూలమైన నేల మీద పడినవే మొలుస్తాయి అని ఆయన వివరించారు. నల్లరేగడిలో వచ్చే పైరు చవిటి నేలలో రాదని మన రైతులకు ఎవరూ చెప్పనక్కరలేదు. అయినా ఈ మాటకు వైద్యలోకంలో ఆదరణ దొరకడానికి దాదాపు వంద సంవత్సరాలు పట్టింది. పేజెట్ చేతిలో కాగితాలు తప్ప వేరే పరికరం లేదు. అంత సరిగా చూడగలగడం మాకు ఇప్పటికీ ఆశ్చర్యమే.

నేల అనుకూలత అంటే ఏమిటో తరువాత అణువుల పేర్లతో సహా తెలిసింది. 2001లో వెలువడిన ఒక పరిశోధన ప్రకారం రొమ్ము క్యాన్సర్ కణాల పైన సి.ఎక్స్.సి.ఆర్.4 అనే గ్రాహకం ఎక్కువగా ఉంటుంది. అది పట్టుకునే సంకేతాన్ని, అనగా సి.ఎక్స్.సి.ఎల్.12 అనే చిన్న ప్రోటీన్‌ను, ఎక్కువగా వెలువరించేవి ఎముక మూలుగ, ఊపిరితిత్తులు, కాలేయం, రసగ్రంథులు. రొమ్ము క్యాన్సర్ ఎక్కువగా చేరేది సరిగ్గా వీటికే. ఎలుకలలో ఆ గ్రాహకాన్ని అడ్డుకుంటే పాకడం తగ్గింది. మల్లెపూల వాసన పట్టుకొని పందిరి దగ్గరకు పోయినట్లు కణం ఆ సంకేతాన్ని పట్టుకొని పోతుంది. గడ్డ తానున్న చోటినుంచే అతిచిన్న తిత్తులను రక్తంలోకి వదిలి, రాబోయే కణాల కోసం దూరపు అవయవాన్ని ముందుగా దున్ని ఉంచుతుందని కూడా తేలింది. ఆ తిత్తుల పైనున్న ఇంటెగ్రిన్ అనే ప్రోటీన్ ఒక రకమైతే ఊపిరితిత్తులకు, మరొక రకమైతే కాలేయానికి పోతాయని 2015లో డేవిడ్ లైడెన్ బృందం చూపింది.

ఎముక సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. రొమ్ము క్యాన్సర్ ఎక్కువగా చేరేది అక్కడికే. ఇంట్లోవారికి అర్థంకాని సూదిమందులు ఎక్కువగా వచ్చేదీ అక్కడే. మన ఎముక రాయివలె ఒకసారి కట్టి వదిలినది కాదు. పాత ఎముకను కరిగించే కణాలు కొన్ని, కొత్త ఎముకను కట్టే కణాలు కొన్ని జీవితాంతం పనిచేస్తూనే ఉంటాయి. మూలుగలో చేరిన క్యాన్సర్ కణం తానుగా ఎముకను కొరకదు. పి.టి.హెచ్.ఆర్.పి. అనే ప్రోటీన్‌ను వెలువరిస్తుంది. దాని ప్రేరణతో కట్టే కణాలు ర్యాంక్-లిగాండ్ అనే మరొక సంకేతాన్ని ఇస్తాయి. ఆ సంకేతంతో కరిగించే కణాలు అదుపు తప్పి ఎముకను తినివేస్తాయి. ఎముక కరిగినప్పుడు అందులో దాగి ఉన్న టి.జి.ఎఫ్.-బీటా వంటి పెరుగుదల పదార్థాలు బయటకు వస్తాయి. అవి తాగి క్యాన్సర్ కణం మరింత బలిసి, మరింత పి.టి.హెచ్.ఆర్.పి. వెలువరిస్తుంది. ఇది గానుగెద్దు తిరుగుడు. ఎక్కడో ఒకచోట ఆపితే తప్ప ఆగదు.

ఆపే మందులు రెండు రకాలున్నాయి. జోలెడ్రోనిక్ ఆమ్లం ఎముక పొడికి అతుక్కొని, దానిని కరిగించవచ్చిన కణాన్ని చంపుతుంది. డెనోసుమాబ్ అనేది ర్యాంక్-లిగాండ్‌ను పట్టి బంధిస్తుంది. ఇవి నొప్పి కోసమో బలం కోసమో ఇచ్చే సూదులని కొన్ని ఇళ్ళలో అనుకుంటారు. బలం సూది తరువాత వేయించవచ్చులే అని వాయిదా వేస్తారు. నెలసరి ఆగిపోయిన స్త్రీలలో, జబ్బు ఇంకా ఎముకకు చేరకముందే మొదటి రకం మందులు వాడితే, తరువాత ఎముకలో రావడమూ రొమ్ము క్యాన్సర్ మరణాలూ తగ్గినట్లు అనేక పరిశోధనలను కలిపి 2015లో ప్రచురించిన పరిశీలన తెలిపింది. ఈ మందులకు ముందు పళ్ళు చూపించుకోవాలి, ఎందుకంటే వీటిని వాడేటప్పుడు పన్ను పీకితే దవడ ఎముక మానకపోయే ప్రమాదం కొద్దిమందికి ఉంటుంది. ఎముక కరిగి రక్తంలో క్యాల్షియం పెరిగితే విపరీతమైన దాహం, మలబద్ధకం, మగత, మాట తడబాటు వస్తాయి. వెన్నునొప్పితో పాటు కాళ్ళు పట్టు తప్పినా, మూత్రం మీద అదుపు పోయినా తెల్లవారేదాకా ఆగకూడదు. వెన్నుపాము నొక్కుకుపోతున్నదనడానికి అది గుర్తు. ఆ రోజే ఆసుపత్రికి చేరినవారికి నడక దక్కే అవకాశం ఎక్కువ.

మెదడుకు చేరే దారి వేరు. మెదడు రక్తనాళాల గోడలు మిగతా చోట్లకంటే బిగుతుగా ఉంటాయి. వాటిని దాటే శక్తి అన్ని కణాలకూ ఉండదు. హెర్-2 అనే గ్రాహకం ఎక్కువగా ఉన్న రకానికి, హార్మోను గ్రాహకాలూ హెర్-2 కూడా లేని ట్రిపుల్ నెగటివ్ రకానికి మెదడుకు చేరే స్వభావం ఎక్కువ. హెర్-2ను పట్టుకునే ట్రాస్టుజుమాబ్ చాలామందికి ప్రాణదానం చేసిన మందే. కాని అది పెద్ద అణువు. మెదడు గోడను సులభంగా దాటలేదు. మిగతా శరీరంలో జబ్బు అదుపులో ఉండి మెదడులో మాత్రమే కనబడడానికి అది ఒక కారణం.

ఇప్పుడు అసలు ప్రశ్నకు వద్దాము. కణాలు ఎప్పుడు బయలుదేరాయి? కత్తికి ముందా, తరువాతనా?

2005లో ప్రచురితమైన ఒక పరిశీలనలో, జబ్బు ఇంకా దూరానికి పాకలేదని తేల్చిన 4,703 మంది స్త్రీల ఎముక మూలుగను పరీక్షించిన ఫలితాలను కలిపి చూశారు. జబ్బు బయటపడిన నాటికే వారిలో 30.6 శాతం మందికి మూలుగలో విడి క్యాన్సర్ కణాలు కనబడ్డాయి. 2016లో జర్మనీ శాస్త్రజ్ఞుడు క్రిస్టోఫ్ క్లైన్ బృందం ఎలుకలలో చేసిన పరిశోధన మరింత ముందుకు వెళ్ళింది. చేతికి గడ్డ తగలడానికి ముందే కొన్ని కణాలు రొమ్ము విడిచి వెళ్ళాయని, తరువాత దూరపు అవయవాలలో పెరిగినవాటిలో ఎక్కువ భాగం ఆ తొలి కణాల సంతతేనని వారు చూపారు. కనుక ఆపరేషన్ అయిన మూడేళ్ళకు వెన్నెముకలో కనబడిన జబ్బు, చాలా సందర్భాలలో, ఆపరేషన్ నాటికే అక్కడ విత్తనంగా ఉన్నది.

అంత ముందే పోయేవైతే తొందరపడి ప్రయోజనమేమిటి అని ఎవరైనా అడగవచ్చు. అడగవలసిన మాటే. మూలుగలో కణాలున్న వారందరికీ జబ్బు తిరగబడదు. నాటుకోలేక పోయేవే ఎక్కువ. అయితే గడ్డ ఎంతకాలం ఉంటే అన్ని ఎక్కువ కణాలను పంపుతూనే ఉంటుంది, పంపేవీ రానురాను గట్టిపడతాయి. 2017లో వెలువడిన ఒక పరిశోధన 62,923 మంది స్త్రీలను పరిశీలించింది. అందరిదీ ఈస్ట్రోజెన్ గ్రాహకం ఉన్న రకమే. అందరూ అయిదేళ్ళు మాత్రలు వాడి, అప్పటికి జబ్బు లేకుండా ఉన్నవారే. ఆ తరువాతి పదిహేనేళ్ళలో దూరపు అవయవాలలో జబ్బు కనబడినవారు ఎందరు? మొదట గడ్డ 2 సెంటీమీటర్లకు మించక, చంక గ్రంథులకు చేరనివారిలో 13 శాతం. గడ్డ 2 నుంచి 5 సెంటీమీటర్లు ఉండి నాలుగు నుంచి తొమ్మిది గ్రంథులకు చేరినవారిలో 41 శాతం. పసరు కట్టుకొని గడిపిన నెలల ఖరీదు ఈ రెండు అంకెల మధ్యనే ఉన్నది.

అదే పరిశోధనలో మరొక పాఠమున్నది. ఈ కణాలు ఇరవై ఏళ్ళ తరువాత కూడా లేవగలవు. ఇన్నాళ్ళు అవి చావకుండా, పెరగకుండా మూలుగలో నిద్రపోతాయి. కీమోథెరపీ మందులలో ఎక్కువభాగం విభజన చెందే కణాలనే పట్టుకుంటాయి. నిద్రపోయే కణం వాటికి దొరకదు. ఎలుకలలో పొగాకు పొగతో ఊపిరితిత్తులు వాచినప్పుడు, అక్కడికి వచ్చిన ఒక రకం తెల్లకణాలు చుట్టూ ఉన్న లామినిన్‌ను కత్తిరించి, ఆ కత్తిరింపే నిద్రపోతున్న క్యాన్సర్ కణాన్ని లేపినట్లు 2018లో మికాలా ఎగబ్లాడ్ బృందం గమనించింది. ఎలుకల సంగతే అయినా, ఇంట్లో జబ్బు నుంచి తేరుకున్న మనిషి ఉండగా గదిలో కూర్చొని బీడీ కాల్చే పురుషులు దీనిని ఒకసారి చదవడం మంచిది.

ఈస్ట్రోజెన్ గ్రాహకం ఉన్న కణానికి పెరగమని చెప్పేది ఆ హార్మోనే. టమాక్సిఫెన్ మాత్ర ఆ గ్రాహకంలో తాను కూర్చొని హార్మోనుకు చోటు లేకుండా చేస్తుంది. లెట్రోజోల్, అనస్ట్రోజోల్ మాత్రలు, నెలసరి ఆగినవారిలో హార్మోను తయారీనే ఆపుతాయి. ఒళ్ళు బాగున్నది, గాయం మానింది, ఇంకా ఈ మాత్రలెందుకని రెండేళ్ళకే మానివేసేవారు మనలో చాలామంది. 2013లో వెలువడిన అట్లాస్ పరిశోధనలో, గ్రాహకం ఉన్న రకంవారు టమాక్సిఫెన్‌ను అయిదేళ్ళకు బదులు పదేళ్ళు కొనసాగిస్తే జబ్బు తిరగబడడమూ మరణాలూ మరింత తగ్గాయి. కొందరికి దానివల్ల గర్భాశయపు పొరలో సమస్యలు, కాళ్ళ నరాలలో రక్తం గడ్డకట్టడం రావచ్చు కనుక ఎవరికి ఎన్నేళ్ళన్నది వైద్యులే తేల్చాలి. రంజాన్ నెలలో మాత్ర మానవలసి వస్తుందని భయపడేవారికి ఒక మాట. ఇది రోజుకు ఒకసారి వేసుకునే మాత్ర. వైద్యులతో చెప్పి సహరి వేళకో ఇఫ్తార్ తరువాతకో మార్చుకోవచ్చు. కీమో నడుస్తున్నవారి సంగతి వేరు. జబ్బుపడినవారికి ఉపవాసంలో ఉన్న మినహాయింపు వారికోసమే.

ఇక కత్తి గురించి. సూదితో ముక్క తీయడం వల్ల జీవితకాలం తగ్గుతుందనడానికి ఆధారం లేదు. సూది వెంట కొన్ని కణాలు చోటు తప్పడం నిజమే. కాని హుక్కులు విప్పుకొని, రక్తంలో బ్రతికి, నేల వెదుక్కొని నాటుకోగల కణాలు ఏ కొద్దో మాత్రమేనని పైన చూశాము. సూదికి అంటుకున్నంత మాత్రాన కణానికి ఆ శక్తి రాదు. పైగా ఆ ముక్క లేనిదే గ్రాహకాల సంగతి తెలియదు, అవి తెలియనిదే మందు ఎంచలేరు.

ఎంత లోతుగా కోస్తే అంత మంచిదన్న ఎదుటి నమ్మకం కూడా నిలవలేదు. ఒకప్పుడు రొమ్ముతో పాటు ఛాతీ కండరాలను కూడా తీసివేసేవారు. 1970లలో అమెరికాలో బెర్నార్డ్ ఫిషర్ మొదలుపెట్టిన పరిశోధనలు, అంత కోత వల్ల ఆయుష్షు పెరగదని తేల్చాయి. మన దేశంలో ముంబయి టాటా మెమోరియల్ ఆసుపత్రి 350 మంది స్త్రీలతో చేసి 2015లో ప్రచురించిన పరిశోధన, జబ్బు అప్పటికే దూరానికి పాకి ఉన్నప్పుడు రొమ్ములోని గడ్డను తీసినంత మాత్రాన ఆయుష్షు పెరగలేదని చూపింది. అటువంటి సందర్భంలో వైద్యులు ఆపరేషన్ వద్దంటే, చేతులెత్తివేశారని బంధువులు ఆగ్రహించడం మేము చూశాము. ఆ మాటకు వెనుక ఉన్న కారణం ఇది.

అయితే కత్తి పడే ఘడియలో అసలేమీ జరగదని కూడా చెప్పరాదు. గడ్డను కదిపినప్పుడు కొన్ని కణాలు కదలవచ్చుననే అనుమానాన్ని టాటా ఆసుపత్రి శస్త్రవైద్యుడు రాజేంద్ర బడ్వే బృందమే తీవ్రంగా తీసుకున్నది. కణం పాకడానికి దాని గోడలోని సోడియం ద్వారాలు తోడ్పడతాయి. ఆ ద్వారాలను మూసే మందు కొత్తగా కనిపెట్టనక్కరలేదు. పన్ను పీకే ముందు చిగురుకు ఇచ్చే మత్తు సూది, లిగ్నోకైన్, చేసేది ఆ పనే. దేశంలోని 11 కేంద్రాలలో, తొలిదశ జబ్బు ఉన్న సుమారు 1,600 మంది స్త్రీలను రెండు భాగాలు చేశారు. ఒక భాగానికి మామూలు ఆపరేషన్. రెండవ భాగానికి కోతకు ఏడు నుంచి పది నిమిషాల ముందు గడ్డ చుట్టూ లిగ్నోకైన్ ఎక్కించి ఆపరేషన్. 2023లో వెలువడిన ఫలితాల ప్రకారం అయిదేళ్ళకు ప్రాణాలతో ఉన్నవారు మొదటి భాగంలో 86.4 శాతం, రెండవ భాగంలో 90.1 శాతం. ఒక్క పరిశోధన చాలదు, మరొకచోట కూడా ఇదే తేలాలి అనే నిపుణులు ఉన్నారు. ఆ జాగ్రత్త సబబైనదే. మాకు మాత్రం ఇందులో రెండు విషయాలు గొప్పగా తోచాయి. మందు ఖరీదు అతి స్వల్పం. రెండవది, మన నానీలు భయపడిన ఆ ఘడియను శాస్త్రం తోసివేయక, పరీక్షకు పెట్టింది. ఆపరేషన్ ముందు వైద్యుని ఈ సూది సంగతి అడగడంలో తప్పు లేదు.

పురుష వైద్యునికి చూపించుకోవడానికి సంకోచించి ఆగేవారికి చెప్పవలసినది కొంత ఉన్నది. స్త్రీ వైద్యురాలిని కోరవచ్చు. పరీక్ష సమయంలో ఇంటి స్త్రీని పక్కన ఉంచమనవచ్చు. హైదరాబాద్ రెడ్‌హిల్స్‌లో మెహదీ నవాజ్ జంగ్ పేరున ఉన్న ప్రభుత్వ క్యాన్సర్ ఆసుపత్రి, విశాఖపట్నంలో టాటా సంస్థకు చెందిన హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి మన రెండు రాష్ట్రాలవారికీ అందుబాటులో ఉన్నవే.

మొదటి ముక్క పరీక్ష కాగితం మీద ఇ.ఆర్., పి.ఆర్., హెర్-2 అనే మూడు పేర్ల ఎదుట ఉన్నది, లేదు అని వ్రాసి ఉంటుంది. ఆ కాగితాన్ని రేషన్ కార్డువలె భద్రపరచాలి. పదేళ్ళ తరువాత కూడా వైద్యులు అడుగుతారు. జబ్బు కొత్తచోట కనబడితే అక్కడినుంచి మళ్ళీ ముక్క తీయవలసి రావచ్చు. దారిలో కణం తన గ్రాహకాలను మార్చుకొని ఉండవచ్చు. రొమ్ములో ఉన్న ఇ.ఆర్. కాలేయంలో లేకపోవచ్చు, అప్పుడు మందు కూడా మారుతుంది. ఈ రెండవ ముక్క దగ్గరే చాలా కుటుంబాలు మళ్ళీ ఆగిపోతుంటాయి.